ఏ కలబంద కొనాలి? ముందు దానితో ఏం చేస్తారో తేల్చుకోండి

నర్సరీకి వెళ్లి కలబంద అడిగితే ఒక కుండీ చేతిలో పెడతారు. అది ఏ కలబంద అని మనం అడగం, వాళ్లూ చెప్పరు. నిజానికి అలో జాతిలో 500కు పైగా రకాలున్నాయి. ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా ద్వీపకల్పం వీటి సొంత గడ్డ. వాటిలో కొన్ని మన నర్సరీల దాకా వచ్చాయి, చాలావాటికి అక్కడ చెప్పే పేరు ఒకటే: అలోవెరా. చూసి మురిసిపోవడానికే అయితే ఈ గందరగోళం వల్ల నష్టం లేదు. ఆకు కోసి మొహానికి రాసుకోవాలన్నా, నోట్లో వేసుకోవాలన్నా మాత్రం చేతిలో ఉన్నది ఏ మొక్కో తెలియాల్సిందే.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆకు కోస్తారా, కోయరా? కోసేటట్టయితే అసలు అలో వెరా తప్ప ఇంకోటి వద్దు. కోయకపోతే మీ ఇంటి ఎండనీ మీ ఊరి వాననీ బట్టి రకం మారుతుంది. కుండీ అందం చూసి కొన్నవాళ్ల మొక్కలు ఎక్కువగా మొదటి వానాకాలంలోనే పోతాయి.

పసుపు పూలదా, మచ్చలదా?

మన దగ్గర అలోవెరా పేరుతో దొరికేవి ప్రధానంగా రెండు. మొదటిది అసలైనది. ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చగా, అడుగున దళసరిగా ఉంటుంది. పిలకగా ఉన్నప్పుడు దీనికీ తెల్లని చుక్కలుంటాయి, పెద్దయ్యాక చాలావరకు పోతాయి. ఆకులు గుండ్రంగా గులాబీ రేకుల్లా చుట్టూ విచ్చుకుంటాయి. అంచు ముళ్లు పాలిపోయి, మెత్తగా ఉంటాయి. పూకాడ రెండు మూడు అడుగులు లేచి, దానికి పసుపు పూలు తలకిందులుగా వేలాడతాయి. శాస్త్రజ్ఞులు దీని పుట్టిల్లు ఒమన్ వైపు అరేబియా కొండలని చెబుతారు. సీసాల మీద కనిపించే 'అలో బార్బడెన్సిస్ మిల్లర్' కూడా ఇదే మొక్క. 1768 ఏప్రిల్‌లో బర్మన్, మిల్లర్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు కొద్ది రోజుల తేడాతో చెరో పేరు ప్రచురించారు. ముందు అచ్చయింది బర్మన్ పేరు కాబట్టి అలో వెరానే నిలిచింది. మిల్లర్ పేరున్న సీసా ఎక్కువ స్వచ్ఛమైనదేమీ కాదు.

రెండోది చిన్నగా, సన్నగా, ముదురు ఆకుపచ్చగా ఉండి, ఎంత పెరిగినా చుక్కలు పోని రకం. దీన్ని చైనెన్సిస్ అంటారు. పూలు నారింజ రంగు కలిసి ఉంటాయి. పిలకలు విపరీతంగా పెడుతుంది, ఏడాది తిరిగేసరికి కుండీ నిండిపోతుంది. అందుకే నర్సరీవాళ్లకు ఇదంటే ఇష్టం, పక్కింటివాళ్లు పంచిపెట్టేదీ ఎక్కువగా ఇదే. దీని ఆకు చీలిస్తే గుజ్జు ఓ చెంచాడు వస్తే గొప్ప. వేలు కాలితే రాసుకోవడానికి సరిపోతుంది. వారానికోసారి తలకు పట్టించాలనుకుంటే మాత్రం మొక్క అంతా కోసినా చాలదు.

రెండూ పిలకలుగా ఉన్నప్పుడు పోల్చడం కష్టం. నర్సరీలో ఆ రకం పెద్ద మొక్కను, వీలైతే పూసిన మొక్కను చూపించమనండి. తల్లి మొక్క చూడకుండా పిలక కొనొద్దు. ఆన్‌లైన్‌లో 'అలోవెరా విత్తనాలు' అని అమ్మే ప్యాకెట్ల జోలికి అసలు పోవద్దు. అలో వెరాకు విత్తనం కట్టడమే అరుదు, లోకమంతా దాన్ని పిలకలతోనే పెంచుతారు. ఆ ప్యాకెట్లో ఏం మొలుస్తుందో మొలిచాకే తెలుస్తుంది.

ఇంకో రెండు మొక్కలు కలబందలా కనబడి ఇబ్బంది పెడతాయి. ఒకటి అలో మాక్యులేటా, సోప్ అలో అని కూడా అంటారు. దక్షిణాఫ్రికా మొక్క. ఆకు మీద ఇంగ్లిష్ 'హెచ్' అక్షరంలాంటి మచ్చలు, అంచుల్లో గోధుమరంగు గట్టి ముళ్లు, పూలగుత్తి పైన బల్లపరుపుగా ఉంటే అది ఇదే. దీని పసరు నీళ్లలో రుద్దితే నురగ వస్తుంది, అక్కడివాళ్లు సబ్బులా వాడారు. నోట్లో వేసుకోకూడదు, సున్నితమైన చర్మానికీ వద్దు. రెండోది కిత్తనార. పొలం గట్ల మీద, రైలు కట్టల వెంట పెరిగేది ఇదే. పసుపు అంచులున్న రకాన్ని అలంకారానికి అమ్ముతారు. ఆకు చివర సూదిలాంటి గట్టి ముల్లు, విరిస్తే లోపల గుజ్జుకు బదులు నార. రసం తగిలితే దురద, మంట. దీన్ని కలబంద అనుకుని మొహానికి రాస్తే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సి వస్తుంది.

తినేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి

కలబంద ఆకులో వేరువేరు పొరలుంటాయి. మధ్యలో నీటిరంగు గుజ్జు, అందులో 98 శాతానికి పైగా నీళ్లే. తొక్కకు సరిగ్గా కింద పసుపు పసరు, భరించలేనంత చేదు. దాంట్లో అలోయిన్ ఉంటుంది, అది పేగుల్ని కదిలించి విరేచనాలు చేయిస్తుంది. ఆ పసరునే ఎండబెడితే పచారీ కొట్లో దొరికే నల్లటి ముసాంబరం. పిల్లలకు పాలు మాన్పించడానికి పూర్వం తల్లులు రొమ్ముకు రాసుకున్నది దాని చేదు కోసమే. 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పసరును చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల జాబితా నుంచి తప్పించింది. ఆకు మొత్తంగా తీసిన సారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి' అనే 2బి వర్గంలో చేర్చింది. ఎలుకల మీద జరిగిన పరీక్షలు దానికి ఆధారం.

ఇదంతా చూసి భయపడి మొక్క పీకేయక్కర్లేదు. పసరు వదిలించడం తెలిస్తే చాలు. మొక్క అడుగున ఉన్న ముదురు ఆకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో ఓ పావుగంట నిలబెట్టండి. పసుపు నీళ్లు కారిపోతాయి. తర్వాత కడిగి, ముళ్ల అంచులు రెండూ తీసి, తొక్కను కొంచెం మందంగానే చెక్కండి. గుజ్జు ముక్కల్ని మళ్లీ రెండుసార్లు నీళ్లలో కడగాలి. ముక్క కొరికితే చేదు తగలకూడదు. తగిలితే ఇంకా పసరు ఉన్నట్టే, పారేయండి. తొక్కతో సహా మిక్సీలో వేసి జ్యూస్ చేసే వీడియోలు బోలెడు కనిపిస్తాయి, వాటిని చూసి చేయకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు నోటితో తీసుకోవద్దు. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ ఇంకా పడిపోవచ్చు. గుండె మందుగా డిగాక్సిన్ వాడేవాళ్లకు, నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లకు పసరు వల్ల పొటాషియం తగ్గి ప్రమాదం రావచ్చు. వీళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఉదయాన్నే పరగడుపున గ్లాసుల కొద్దీ తాగాల్సినంత గొప్ప లాభం ఏదీ నాకు కనబడలేదు.

ఇంట్లో ఆకు కోయడమా, షాపు జ్యూస్ కొనడమా అంటే, తాగేవాళ్లకు నేను షాపుదే చెబుతాను, ఒక షరతు మీద. లోపలి గుజ్జుతో చేసిందనో, అలోయిన్ తీసేసిందనో లేబుల్ మీద రాసి ఉండాలి. మంచి ఫ్యాక్టరీల్లో బొగ్గు ఫిల్టర్‌తో ఆ పసరును వడకడతారు, మన వంటింట్లో అంత కుదరదు. ఒంటికి రాసుకునేవాళ్లకు మాత్రం ఇంటి ఆకే మేలు. షాపు జెల్‌లో రంగు, సువాసన, నిల్వ మందులు కలుస్తాయి. కలబంద గుజ్జుకు అసలు రంగే ఉండదు కాబట్టి ముదురు ఆకుపచ్చ జెల్ కనబడితే ఆ రంగు బయటినుంచి వచ్చిందే.

ఒంటికి రాసుకోవడంలోనూ పసరు వదిలించడం తప్పనిసరి. కలబంద పడలేదు, దురద వచ్చింది అనేవాళ్లలో చాలామంది ఆకు విరిచి అలాగే రుద్దుకున్నవాళ్లే. మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూసి, ఆ తర్వాతే మొహానికి పోవాలి. వంట చేస్తూ చెయ్యి కాలితే ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, గుజ్జు ఆ తర్వాత. బొబ్బ చిట్లినా, గాయం లోతుగా ఉన్నా గుజ్జు రాయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. తలకు పట్టించేవాళ్లు గుజ్జును గుడ్డలో వడకడితే జుట్టులో పలుకులు ఇరుక్కోవు. కోసిన గుజ్జు ఫ్రిజ్‌లో వారం దాటితే వాసన మారుతుంది. ఐస్ ట్రేలో గడ్డ కట్టించి పెట్టుకుంటే ఎక్కువ రోజులు వస్తుంది.

పూల కోసం, కంచె కోసం

కోసుకునే పని లేకపోతే లోకం పెద్దదవుతుంది. నా ఓటు అలో ఆర్బోరెసెన్స్‌కు. పొదలా కొమ్మలు వేసి ఆరేడు అడుగులు పెరుగుతుంది, చలికాలంలో ఎర్రటి పూకాడలు లేస్తాయి. దక్షిణాఫ్రికాలో పశువుల దొడ్లకు దీన్నే కంచెగా నాటుతారు, జపాన్‌లో ఇంటి మందుగా పెంచుతారు. ఫామ్‌హౌస్ గేటు పక్కన, ఎర్రమట్టి దిబ్బ మీద, రాళ్ల సందుల్లో పెట్టడానికి ఇంతకంటే మొండిది లేదు. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు, బెంగళూరులో ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో ఇది బాగా కుదురుతుంది. కొమ్మ విరిచి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి గుచ్చితే బతుకుతుంది. అలో వెరా ఆకు గుచ్చితే మాత్రం కుళ్లడం తప్ప వేరు పట్టదు, ఇంటర్నెట్‌లో ఎన్ని ఫొటోలు చూపించినా.

అలో ఫెరాక్స్ ఒంటి కాండంతో మనిషి ఎత్తు దాటే మొక్క, ఆకు నిండా ముళ్లు. పిల్లలు తిరిగే ఇంటికి వద్దు. స్థలం ఉండి, ఎండ ధారాళంగా ఉండి, ఏళ్ల తరబడి ఓపిక పట్టేవాళ్లకు మాత్రమే.

బాల్కనీ బుల్లి రకాలు

టైగర్ అలో, లేస్ అలో, జువెన్నా, ఎర్ర అంచుల హైబ్రిడ్లు. ఇవన్నీ అరచేతిలో పట్టేంత ఉంటాయి, ధర మాత్రం మామూలు కలబందకు ఎన్నో రెట్లు. ఇక్కడ డబ్బు పోగొట్టుకోకుండా చూసుకోవాలి.

టైగర్ అలో దక్షిణాఫ్రికా, నమీబియా ఎండు నేలల్ది. చలికాలంలో పెరిగి ఎండాకాలంలో నిద్రపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో నిద్రపోయే వేళ దానికి నీళ్లు పోస్తే మొదలు మెత్తబడి ఊడొస్తుంది. లేస్ అలో లెసోతో చుట్టుపక్కల చల్లటి కొండ ప్రాంతాల్ది. రాత్రి కూడా 30 డిగ్రీలు దిగని మే నెలలో దాని అవస్థ చూడలేం. కోస్తాలో ఉండి బుల్లి రకం కావాల్సిందే అంటే జువెన్నా తీసుకోండి. కెన్యా మొక్క, చిన్న చిన్న ఆకులు దొంతరగా పేర్చినట్టు పెరుగుతుంది, వేడికి భయపడదు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఊళ్లల్లో టైగర్ అలోని ప్రయత్నించవచ్చు, వాన పడని చోట పెడితే. హైబ్రిడ్ల ఎర్ర రంగు ఎండ తగిలితేనే నిలుస్తుంది. హాల్లో టీవీ పక్కన పెడితే నెల తిరిగేసరికి మామూలు ఆకుపచ్చగా మారిపోతాయి. ఇంట్లో కిటికీ వెలుతురు తప్ప ఎండే రాదనుకుంటే అలో మానేసి, దానిలాగే కనిపించే బుల్లి మొక్క హవోర్తియా కొనండి, అది నీడకు ఓర్చుకుంటుంది.

పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో అలో రకాలన్నింటినీ వాటికి అందని ఎత్తులో ఉంచండి. ఆకు కొరికితే వాంతులు, విరేచనాలు అవుతాయి.

మట్టి, నీళ్లు

కలబంద ఎండి చచ్చింది అని నేను పెద్దగా వినలేదు. కుళ్లి చచ్చిందనే వింటాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఏటి ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, వాడకండి. నల్లరేగడి ఒక్కటే దొరికే గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాలవాళ్లు ఇసుక సగానికి సగం కలపాలి, లేదా ఎత్తుగా మడి కట్టి నాటాలి. నర్సరీ నుంచి కోకోపీట్‌లో వచ్చిన మొక్కను కొన్నాళ్లకైనా విప్పి మట్టిలోకి మార్చాలి, కొబ్బరిపొట్టు వానాకాలమంతా తడి ఆరదు. మట్టి కుండీ, అడుగున చిల్లు. లోతు కంటే వెడల్పు ముఖ్యం, వేళ్లు పైపైనే పాకుతాయి.

వేలు పెట్టి చూస్తే మట్టి పొడిగా ఉన్నప్పుడే నీళ్లు. ఎండాకాలంలో వారానికోసారి, చలికాలంలో రెండు వారాలకోసారి సరిపోతుంది. తెలంగాణలో, ఉత్తర కోస్తాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండీని చూరు కిందికి జరపాలి. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్త. ఇందులో కూడా రకాల మధ్య తేడా ఉంది: ఆర్బోరెసెన్స్, మాక్యులేటా నేలలో ఉంటే వానకు ఓర్చుకుంటాయి, అలో వెరా మట్టి మంచిదైతే ఓర్చుకుంటుంది, టైగర్ అలో అస్సలు ఓర్చుకోదు.

రామగుండం, విజయవాడ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో అలో వెరా ఆకులు ఇటుక రంగుకు తిరుగుతాయి. తెగులు అనుకుని మందు కొట్టేస్తుంటారు. అది ఎండకు మొక్క తనను తాను కాపాడుకోవడం, మధ్యాహ్నం నీడ దొరికితే మళ్లీ ఆకుపచ్చబడుతుంది. తూర్పు వైపు బాల్కనీ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆకు మొదట్లో తెల్లటి దూదిలా కనబడితే అది పిండినల్లి. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి పిచికారీ చేయండి. ఆకు తినే మొక్కకు రసాయన మందులు వద్దు.

గాలి, దిష్టి

బెడ్‌రూమ్‌లో పెడితే రాత్రి ఆక్సిజన్ ఇస్తుందని నర్సరీల్లో చెప్పి పది రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. కలబంద రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాచుకునే మాట నిజమే. ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాలి, కాబట్టి అది పగటి పనే. ఇంట్లో గాలిని శుభ్రం చేస్తుందని చెప్పడానికి 1989 నాసా అధ్యయనం పేరు కూడా వాడతారు. అది మూసి ఉన్న చిన్న పెట్టెల్లో చేసిన పరీక్ష. ఇలాంటి పరీక్షలన్నింటినీ 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు తిరిగి లెక్కగడితే, మామూలు ఇంట్లో గాలి మీద ప్రభావం చూపాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాల్సి వచ్చింది.

గుమ్మానికి కట్టడానికైతే చైనెన్సిస్ చాలు, అసలు అలో వెరా పెద్ద మొక్కను పీకి వేలాడదీయడం దండగ. మట్టి లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండటం, ఒక్కోసారి పూయడం ఆకులో దాచుకున్న నీళ్ల పుణ్యం. దిష్టి సంగతి మీ నమ్మకం. రోడ్డు దుమ్ము పట్టిన ఆ ఆకును కోసి మొహానికి మాత్రం రాయకండి. బాగా సన్నబడ్డాక దించి కుండీలో పెడితే చాలాసార్లు కోలుకుంటుంది.

ఎకరంలో వేద్దామనుకునేవాళ్లకు

లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ విడుదల చేసిన 'సిమ్-శీతల్' లాంటి గుజ్జు రకాలున్నాయి. ఆ సంస్థ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది, రకం గురించి అక్కడే అడగడం మంచిది. అయితే ఈ పంటలో రకం రెండో సంగతి. కోసిన ఆకు త్వరగా పాడవుతుంది, బరువంతా నీళ్లే కాబట్టి రవాణా ఖర్చు మింగేస్తుంది. దగ్గర్లో కొనే ఫ్యాక్టరీ లేకపోతే వేయకండి. పిలకలు అమ్మి, "పంట మేమే కొంటాం" అని చెప్పి వెళ్లేవాళ్ల విషయంలో రాతపూర్వక ఒప్పందం, అందులో ధర, ఆ కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉందో లేదో కళ్లతో చూడటం, ఇవన్నీ పిలకలకు డబ్బు కట్టకముందే జరగాలి.

అమెరికా, యూరప్‌లో ఉన్నవాళ్లకు

ఇక్కడినుంచి మొక్క పట్టుకెళ్లే ఆలోచన మానుకోండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. అరుదైన మొక్కలు, జంతువులు దేశాలు దాటడాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం నుంచి అలో వెరాకు మినహాయింపు ఉంది, మిగతా అలో రకాలకు ఆ అనుమతి పత్రం కూడా కావాలి. అక్కడి స్టోర్లలోనే అలో వెరా దొరుకుతుంది. అది మంచుకు ఆగదు, రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపు లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెట్టాలి, చలికాలమంతా నీళ్లు బాగా తగ్గించాలి. డాలస్ లాంటి చోట్ల పెరట్లో నేల మీదే ఏదైనా అలో కావాలంటే మాక్యులేటా వేయండి, కొద్దిపాటి మంచుకు ఆకులు దెబ్బతిన్నా మొదలు బతికి మళ్లీ చిగురిస్తుంది. వసంతంలో లోపలి అలో వెరాను ఒకేసారి ఎండలోకి తీసుకెళ్తే ఆకులు కాలిపోతాయి. మొదటి వారం నీడలో, రెండో వారం పొద్దుటి ఎండలో, ఆ తర్వాతే పూర్తిగా బయట.